ఇచ్చిన పుస్తకం ఏమైంది?

ఆగస్టు పదిహేను, నవంబరు పధ్నాలుగు వచ్చాయంటే మన ఊళ్లలో బడిపిల్లలకు ఏదో ఒకటి పంచడం మామూలే. ఒకప్పుడు పిప్పరమెంట్లు, బిస్కట్లు పంచేవారు. ఇప్పుడు పుస్తకాలు కూడా పంచుతున్నారు. బందరులోనూ, గుడివాడలోనూ, అవనిగడ్డ వైపూ క్లబ్బుల వాళ్లు, పాత విద్యార్థులు, సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినవాళ్లు, పుట్టినరోజున కేకు ఖర్చు తగ్గించుకుని మంచి పని చేద్దామనుకునే తల్లిదండ్రులు, అందరూ ఇస్తున్నారు. సంతోషించాల్సిన విషయమే. పిప్పరమెంటు నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది, పుస్తకం నాలుగు రోజులుంటుంది కదా!

పంచిన మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. ఎంతమంది చిన్నారులకు ఎన్ని పుస్తకాలు ఇచ్చారో కింద రాస్తారు. ఆ పుస్తకాలు ఆరు నెలల తర్వాత ఎక్కడున్నాయో మాత్రం ఎవరూ రాయరు. పెళ్లిలో చదివింపులు రాసుకున్నంత జాగ్రత్తగా ఎన్ని ఇచ్చామో రాసుకుంటాం. ఇచ్చినవాటిని ఎవరైనా చదివారా అన్న పద్దు మన పుస్తకంలో ఉండదు.

బందరులో ఉండే నా స్నేహితురాలు ఒకావిడ కిందటేడు తోటి ఆడవాళ్లతో కలిసి ఒకటి, రెండు తరగతుల పిల్లలకు బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చింది. బందరులో ఒక బడి, గుడివాడలో ఒకటి, దివిసీమలో ఒకటి. ఒక్కొక్కరికి మూడేసి పుస్తకాలు. ఆవిడ బ్యాంకు ఉద్యోగం చేసి మానేసిన మనిషి. లెక్క తేలకుండా నిద్రపోదు. ఆరు నెలలయ్యాక ‘‘ఏమయ్యాయో చూసొద్దాం, వస్తావా?’’ అంది. కథలు రాసుకునేదాన్ని, నాలుగిళ్లలోకి తొంగిచూసే అవకాశం వదులుకుంటానా! బయల్దేరాను.

షోకేసు, ట్రంకుపెట్టె, కిటికీ గూడు

గుడివాడలో మేం వెళ్లిన ఇల్లు చిన్నదే అయినా పొందిగ్గా ఉంది. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. ఆవిడ ఇంటర్ దాకా చదివింది. పుస్తకాల మాట ఎత్తగానే గర్వంగా లేచి షోకేసు చూపించింది. పింగాణీ బొమ్మలు, వెంకన్న పటం, పెద్దవాడికి ఆటల్లో వచ్చిన కప్పు, వాటి మధ్య మన మూడు పుస్తకాలూ నిలబెట్టి ఉన్నాయి. అట్ట మీద ఒక్క గీత పడలేదు. ‘‘వీడి చేతికిస్తే రెండు నిమిషాల్లో చింపి పోగులు పెడతాడండీ. కాస్త పెద్దయ్యాక ఇద్దామని దాచాను’’ అంది. షోకేసు తాళంచెవి ఆవిడ గొలుసుకి పిన్నీసుతో వేలాడుతోంది. వాడికి ఆరేళ్లు. కాస్త పెద్దయ్యేసరికి ఆ పుస్తకాలు ‘చిన్నపిల్లలవి’ అయిపోతాయి, వాడు ముట్టుకోడు.

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వేటకెళ్లేవాళ్ల ఊళ్లు, రొయ్యల చెరువులు. అక్కడి ఇంట్లో పుస్తకాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం, డ్వాక్రా కాగితాలు, వాటితోపాటు ఒకే ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టి. నాయనమ్మ తీసి చూపించింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకి ఆవిడ ఎనిమిదేళ్ల పిల్ల. ‘‘కాయితమన్నది పెట్టెలోనే ఉండాలమ్మా. నీళ్లొచ్చినప్పుడు పెట్టె ఒక్కటే పట్టుకుని పరిగెత్తాలి’’ అంది. వేలమందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెన నేర్పిన జాగ్రత్త అది. కాదని ఏ నోటితో అంటాం?

ఇక బందరులో చిలకలపూడి. రోల్డుగోల్డు నగలకు రాళ్లు అతికే పని ఇంటి దగ్గరే చేసుకునే తల్లి. ఆవిడకి చదువు రాదు. పుస్తకాలు కిటికీ గూట్లో దువ్వెన పక్కన, పౌడరు డబ్బా కింద ఉన్నాయి. ఒకదానికి అట్ట లేదు. ఇంకోదానిలో చిరిగిన కాగితాన్ని అన్నం మెతుకులతో అతికించారు. మూడోది పెడన నుంచి వచ్చిన పెదనాన్న కూతురు పట్టుకెళ్లిపోయింది. రెండో తరగతి చదివే పిల్ల మా ముందు నిలబడి గడగడా చదవడం మొదలుపెట్టింది. తల్లి తలెత్తకుండా రాళ్లు అతుకుతూనే ‘‘ఏయ్, కుక్కపిల్ల ఏడ్చింది అని రాలేదేం? ఆ ముక్క మింగేశావు’’ అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్షరం ముక్క రాని ఆ తల్లికి పుస్తకం మొత్తం నోటికి వచ్చు!

పంపిణీ లెక్కలో ఈ మూడిళ్లూ సమానమే. ఇంటికి మూడు పుస్తకాలు, సంతకం లేదా వేలిముద్ర. మా స్నేహితురాలు బస్సులో వస్తూ తన నోటుబుక్కులో కొత్త గడి ఒకటి గీసింది: ‘పుస్తకం ఇంట్లో ఎక్కడ ఉంది?’ నన్నడిగితే మొత్తం పంపిణీని బేరీజు వేయడానికి అంతకంటే మంచి ప్రశ్న లేదు.

పాఠ్యపుస్తకం వేరు, కథల పుస్తకం వేరు

‘‘ప్రభుత్వమే ఇస్తోందిగా, మళ్లీ మీరెందుకు ఇవ్వడం?’’ అని దారిలో ఒక మేష్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2020 అక్టోబరు 8న జగనన్న విద్యాకానుక మన జిల్లాలోనే, కంకిపాడు మండలం పునాదిపాడులో మొదలైంది. బ్యాగు, బూట్లు, యూనిఫాం గుడ్డ, నోటుపుస్తకాలు, పాఠ్యపుస్తకాలు ఒకే కిట్టుగా ఇచ్చారు. తర్వాతి ఏళ్లలో చిన్న తరగతుల వాళ్లకు బొమ్మల డిక్షనరీ కూడా చేర్చారు. ప్రభుత్వం మారాక 2025లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో కిట్లు వచ్చాయి. పేరు ఏదైతేనేం, జూన్ నెలలో తల్లి కొంగుముడి విప్పే పని తగ్గింది. అది చిన్న మేలేం కాదు.

కానీ ఆ సంచీలో కథ ఉండదు. పాఠ్యపుస్తకం పిల్లలకు పనిముట్టు. రేపు టీచరుగారు అడుగుతారు, అందుకని చదవాలి. కథల పుస్తకాన్ని ఎవరూ అడగరు, పరీక్ష పెట్టరు. కావాలనిపించి చదివితేనే చదివినట్టు. మన చిన్నప్పుడు ఆ పని ‘చందమామ’ చేసింది. 1947లో మొదలైన ఆ పత్రిక 2013 నాటికి ఆగిపోయింది. నెలనెలా పుస్తకం కోసం అన్నదమ్ములు కొట్టుకునే ఇళ్లు అప్పటికే తగ్గిపోయాయి. ఇప్పుడు ఇంట్లో ఉన్న అచ్చు కాగితం ఏమిటని చూస్తే పాఠ్యపుస్తకాలు, పంచాంగం, కరెంటు బిల్లు. అందుకే కథల పుస్తకం ఇచ్చేవాళ్లు ఇంకా కావాలి.

మన రాష్ట్రంలోనే తేలిన నిజం

బహుమతుల సంగతి మాట్లాడేటప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పకుండా ఉండలేను. 2005 నుంచి రెండేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలో కొన్ని పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పిల్లవాడికి 125 రూపాయల చొప్పున ప్రత్యేకంగా సొమ్ము ఇచ్చారు. పిల్లల చేతికి నేరుగా అందే నోటుబుక్కులు, అభ్యాస పుస్తకాలు, పలకల్లాంటివి దాంతో కొనాలి. ఏ బళ్లకు ఇవ్వాలో చీటీలు తీసినట్టుగా నిర్ణయించారు. ఇచ్చిన బళ్లు వంద, పోల్చి చూడటానికి ఇవ్వని బళ్లు వంద. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్, జిష్ణు దాస్ మొదలైనవారు ఆ లెక్కలన్నీ తేల్చి 2013లో ప్రచురించారు.

మొదటి ఏడాది ఆ సొమ్ము హఠాత్తుగా వచ్చింది. పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా అంతే సొమ్ము వచ్చింది. కానీ ఆ ఏడాది వల్ల మార్కులు అదనంగా పెరగలేదు! ఎందుకంటారు? బడిలో ఇస్తారని ఈసారి తల్లిదండ్రులకు ముందే తెలుసు. అందుకని తాము పెట్టే ఖర్చు చాలావరకు తగ్గించుకున్నారు. వచ్చింది వచ్చినట్టు ఉంది, కొనేది మానేశారు, పిల్లాడి సంచీలో బరువు మళ్లీ అంతే.

ఇది విని ‘చూశారా, ఉచితంగా ఇస్తే జనం ఇలాగే చేస్తారు’ అని తలాడించే పెద్దమనుషులు ఉంటారు. వాళ్లెప్పుడూ నెలాఖరున ఇల్లు నడిపి ఉండరు. నోటుబుక్కుల డబ్బు మిగిలితే ఆ తల్లి దాన్ని పాలకో, మందులకో, పాత బాకీకో వాడుకుంటుంది. సంసారం తెలిసిన ఏ ఆడదైనా చేసే పనే అది. ఆ ఇంటికి మేలు జరిగింది, కాకపోతే చదువు ఖాతాలో కనపడదు. పరిశోధకులు కూడా ఆ తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేదు.

నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కనిపించింది. నోటుబుక్కు తల్లి ఎలాగూ కొనేది, కాబట్టి మనమిస్తే ఆవిడ మానేస్తుంది. కథల పుస్తకం మన ఇళ్లలో చాలామంది అసలు కొనరు. కొననిదాన్ని మానేసేదేముంది? అంటే కథల పుస్తకం ఇస్తే అది ఆ ఇంట్లోకి నిజంగానే కొత్తగా వచ్చిన వస్తువు. సరిగ్గా అక్కడే చిక్కు కూడా ఉంది. కొత్త వస్తువు కదా, దాన్నేం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. అలవాటున్న చోటికి చేరుతుంది. ఒక ఇంట్లో షోకేసు, ఇంకో ఇంట్లో ట్రంకుపెట్టె.

అవతలి దేశాల అనుభవం

చిన్నపిల్లలకు పుస్తకాలు ఇచ్చే పథకాలు బయటిదేశాల్లో ముప్పై ఏళ్లకు పైబడి ఉన్నాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1992లో ‘బుక్‌స్టార్ట్’ మొదలైంది. 300 మంది పసిపిల్లల ఇళ్లకు ఒక సంచీలో పుస్తకం పెట్టి ఇచ్చారు. ఇచ్చింది ఆరోగ్య కార్యకర్తలు, మన ఏఎన్ఎంల లాంటివాళ్లు. అమెరికాలో బోస్టన్ నగరపు ఆసుపత్రిలో 1989లో డాక్టర్లే మొదలుపెట్టారు. పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన పిల్లకి టీకాతోపాటు ఒక పుస్తకం, తల్లికి ‘రోజూ కాసేపు చదివి వినిపించమ్మా’ అని నాలుగు మంచిమాటలు. గాయని డాలీ పార్టన్ 1995లో టెనెసీ రాష్ట్రంలోని తన సొంత జిల్లాలో మొదలుపెట్టిన పథకంలో పుట్టినప్పటి నుంచి అయిదేళ్లు వచ్చేదాకా పిల్లల పేరుతో నెలకో పుస్తకం పోస్టులో వస్తుంది. వాళ్ల నాన్నగారికి చదవడం రాదట, ఆయన కోసమే ఆ పని పెట్టుకుందట. ఇప్పటికి 20 కోట్ల పుస్తకాలు దాటాయి. స్కాట్లండులో ఒకటో తరగతిలో చేరిన ప్రతి పిల్లకి ఇంటికి పట్టుకెళ్లే సంచీలో మూడు బొమ్మల పుస్తకాలు పెట్టి ఇస్తారు.

మరి ఫలితం? ఈ పెద్ద పథకాల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూశారు. ఇంట్లో చదివి వినిపించడం పెరిగింది, పిల్లలకు పుస్తకాల మీద ఆసక్తి పెరిగింది. మరీ పెద్ద మార్పేం కాదు, కానీ ఉంది.

ఉత్తర ఐర్లండులో మాత్రం వేరే అనుభవం. తల్లిదండ్రులకు దూరమై పెంపుడు ఇళ్లలో ఉంటున్న 7 నుంచి 11 ఏళ్ల పిల్లలకు ఆరు నెలలపాటు నెలనెలా పుస్తకాలూ ఆటవస్తువులూ ఉన్న పార్సిల్ పంపారు. ఎంత దయగల ఆలోచన! అయినా పార్సిల్ అందిన పిల్లలకూ, అందని పిల్లలకూ చదవడంలో తేడా కనిపించలేదని 2016లో తేల్చారు. పార్సిల్ నేరుగా పిల్ల పేరుతో వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. బోస్టన్‌లో డాక్టరుగారు చెప్పిన ఆ నాలుగు మాటలే ఇక్కడ లేనివి.

ఇంట్లో పుస్తకాలు ఎక్కువగా ఉన్న పిల్లలు ఎక్కువ ఏళ్లు చదువుతారని 27 దేశాల లెక్కలతో 2010లో ఒక పరిశోధన వచ్చింది. పుస్తకాలు పంచేవాళ్లు దాన్ని తరచూ చెబుతుంటారు. నిజమే కానీ, ఆ ఇళ్లలో పుస్తకాలు గాలికి కొట్టుకొచ్చినవి కావు. చదివే అలవాటున్న అమ్మానాన్నలు ఏళ్ల తరబడి కొనుక్కున్నవి. రేపు లారీ తెచ్చి మన వాకిట్లో పుస్తకాలు దింపేస్తే అదే ఫలితం వస్తుందా? పప్పు తెచ్చి ఇంట్లో పోసినంత మాత్రాన పులుసు ఉడుకుతుందా?

బీరువా తాళం

పిల్లల ఇంటికి ఇవ్వకుండా బడికే ఇస్తే పదిమందీ చదువుతారు కదా అని కొందరంటారు. మంచి మాటే. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు గ్రంథాలయ పుస్తకాల కోసం ఏడాదికి 5,000 రూపాయల దాకా గ్రాంటు పెట్టారు. 2020 నవంబరులో మన రాష్ట్రంలో ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమం కూడా మొదలైంది. కానీ బళ్లో పుస్తకం అంటే స్టాకు రిజిస్టరు. చిరిగితే సమాధానం చెప్పాల్సింది పంతులమ్మ. అందుకే బీరువాకి తాళం పడుతుంది. ఆఫ్రికాలోని సియెరా లియోన్‌లో బళ్లకు పాఠ్యపుస్తకాలు పంపిస్తే చాలాచోట్ల వాటిని గదుల్లో దాచేశారు. మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియదు కదా, అయిపోతే ఎలా అని! మన నాయనమ్మ ట్రంకుపెట్టె గుర్తుకొచ్చింది నాకు. లేమి తెలిసినవాళ్లు ఎక్కడైనా ఒకేలా జాగ్రత్తపడతారు. కర్ణాటకలో ఒక సంస్థ బళ్లకు గ్రంథాలయాలు ఏర్పాటు చేస్తే, వాటివల్ల పిల్లల భాషలో తేడా రాలేదని 2012లో లెక్క తేలింది.

అందుకే మా స్నేహితురాలు ఈసారి బడికి ఇచ్చే పుస్తకాలతోపాటు హెడ్మాస్టరు గారికి ఒక కాగితం ఇస్తానంటోంది. ‘ఇవి స్టాకులో రాయక్కర్లేదు, చిరిగినా పోయినా మేం అడగం’ అని. ఆ మాట ఇల్లాలికి కూడా చెప్పాలి. గుడివాడ ఆవిడ పుస్తకం దాచింది పిల్లాడి మీద ప్రేమ లేక కాదు. ఎవరో పెద్దవాళ్లు ఇచ్చిన వస్తువు పాడుచేస్తే ఏమనుకుంటారో అని.

ఏ పుస్తకం, ఎవరి కోసం?

కెన్యాలో పిల్లలకు ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చి చూశారు. అప్పటికే బాగా చదివే పిల్లలు తప్ప మిగతావాళ్లు బాగుపడలేదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, సగటు పిల్లకి అవి మూడో భాష. 2009లో వచ్చిన ఈ లెక్క చదువుతుంటే విదేశాల నుంచి మన బళ్లకు వచ్చే పాత ఇంగ్లీషు పుస్తకాల పెట్టెలు కళ్లముందు మెదిలాయి. అట్టలు నిగనిగలాడుతుంటాయి. లోపల మంచు మనుషులు, స్ట్రాబెర్రీ తోటలు. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. నాగాయలంక పిల్లకి అందులో తెలిసిన వస్తువు ఒక్కటైనా దొరకాలి కదా!

‘‘మావాడు ఇంగ్లీషు మీడియమండీ, తెలుగు కథలెందుకు?’’ అని ఇప్పుడు ప్రతి తల్లీ అడుగుతోంది. ఆ ఆశని తక్కువ చేయను. కానీ ఆరేళ్ల పిల్లకి పుస్తకం రుచి తగిలేది ఇంట్లోవాళ్లతో కలిసి నవ్వినప్పుడే. ఇంట్లోవాళ్లకు వచ్చిన భాష తెలుగు. తెలుగులో కథ ఇష్టపడ్డ పిల్ల ఇంగ్లీషు కథ దగ్గర భయపడదు. ఒకే కథ రెండు భాషల్లో ఉండే పుస్తకాలు కూడా ఉన్నాయి, మీడియం పట్టింపున్న ఇళ్లకు అవి నయం. హైదరాబాదు మంచి పుస్తకం వాళ్లు, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. తానా వాళ్లు మంచి పుస్తకంతో కలిసి పిల్లల కథలు ప్రచురించారు. ప్రథమ్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు. కాకపోతే ఫోను చేతికొచ్చాక కథ దగ్గరే ఆగే పిల్లని నేనింకా చూడలేదు.

ఇంకో సంగతి. పల్లెటూరి బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 2022 అసర్ సర్వేలో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. అంటే ఒకటో తరగతి పిల్ల చేతిలో పుస్తకం పెడితే తనంతట తాను చదివేస్తుందని అనుకోవడం దండగ. ఎవరో పక్కన కూర్చోవాలి.

తల్లికి చదువు రాకపోతే?

ఇది మమ్మల్ని చాలామంది అడిగారు. సిగ్గుపడుతూ అడిగారు. బీహారు, రాజస్థాన్ పల్లెల్లో 5 నుంచి 8 ఏళ్ల పిల్లలున్న తల్లులతో ప్రథమ్ సంస్థ ఒక ప్రయత్నం చేసింది. కొందరికి అక్షరాలు నేర్పించారు. కొందరికి ఇంట్లో పిల్లల చదువులో ఎలా పాలుపంచుకోవాలో చెప్పారు. కొందరికి రెండూ. 2017లో ప్రచురించిన ఫలితం చూస్తే పిల్లల లెక్కల మార్కులు కాస్త పెరిగాయి. అంతకంటే ఎక్కువగా పెరిగింది తల్లుల సొంత చదువు, పిల్లల పక్కన కూర్చునే అలవాటు.

మా చిలకలపూడి తల్లి ఏ శిక్షణకీ వెళ్లలేదు. పని చేసుకుంటూ వింటుంది, మింగేసిన ముక్క పట్టుకుంటుంది, ‘తర్వాతేమైంది?’ అంటుంది. ఎప్పటినుంచి ఇలా అని అడిగితే, పుస్తకాలు ఇచ్చిన రోజున బడిలో టీచరమ్మ చెప్పిందట: ‘‘నీకు చదువు రాకపోతే ఏం? రోజూ దానిచేత చదివించుకుని నువ్వు విను.’’ ఆ టీచరమ్మ చెప్పింది ఒక్క మాట, ఖర్చు ఏమీ లేదు. మిగతా రెండు ఊళ్లలో పుస్తకాలు పిల్లల చేతికిచ్చి పంపించారు. తల్లులు ఆ రోజు బడికి రాలేదు, రమ్మని ఎవరూ పిలవలేదు. నాయనమ్మలకు చెప్పినా సరిపోయేది. ఆవిడ నోట్లో ఉన్నన్ని కథలు మన పుస్తకాల్లో లేవు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్లలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. 2025 జులై 10న మళ్లీ జరిగాయి. పుస్తకాలు ఇవ్వడానికి అంతకంటే అనువైన రోజు ఉండదు. వేదిక, మైకు, శాలువాలు అక్కర్లేదు. తల్లి చేతికి ఇచ్చి, అక్కడే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క కథ చదివి వినిపిస్తే చాలు.

లెక్క ఎలా చూడాలి?

మళ్లీ వెళ్లడమే అసలు పని. నదికి అవతల గుంటూరు జిల్లా కాలువల్లో 1935లో పాతూరి నాగభూషణంగారు పడవ గ్రంథాలయం నడిపారు. పడవ ఊరి రేవుకి వచ్చి పుస్తకాలు ఇచ్చి, మళ్లీ వచ్చి అవి తీసుకుని వేరేవి ఇచ్చేది. తిరిగి వస్తుందని తెలుసు కాబట్టి చదివే తొందర ఉండేది. మనకిప్పుడు కాలువలో పడవల్లేవు, బస్సులున్నాయి. ఆరు నెలలకోసారి వెళ్లలేమా?

వెళ్లినప్పుడు ‘చదువుతున్నారా?’ అని అడిగితే లాభం లేదు. అందరూ చదువుతున్నామనే అంటారు, మొహమాటం అలాంటిది. ‘ఒకసారి పుస్తకం తీసుకురామ్మా’ అనాలి. ఎక్కడి నుంచి తెస్తుందో, ఎంతసేపు వెతుకుతుందో చూడాలి. నలిగిందా లేదా చూడాలి. పిల్లని కథ చెప్పమనాలి. పుస్తకం ఇవ్వని ఇంటివాళ్ల పిల్లలకు కూడా ఆ కథ తెలిసిందంటే అది చేతులు మారిందన్నమాట, దానికి రెండు మార్కులు ఎక్కువ వేయొచ్చు.

ఇంకాస్త ఓపిక ఉంటే మా స్నేహితురాలు చేయబోతున్నట్టు చేయొచ్చు. ఈ ఏడాది ఆవిడ దగ్గరున్న డబ్బు మూడు బళ్లకే సరిపోతుంది. అడిగినవి ఆరు. తెలిసినవాళ్ల బడి, మంచి పేరున్న బడి అని ఎంచుకుంటే, రేపు ఆ పిల్లలు బాగా చదివినా అది పుస్తకం మహిమో, ముందునుంచీ ఉన్న తెలివో తెలియదు. అందుకని ఆరు పేర్లూ చీటీలు రాసి మూడు తీస్తుంది. మిగతా మూడిటికీ వచ్చే ఏడాది. జూన్‌లో ఆరు బళ్లలోనూ పిల్లలచేత నాలుగేసి వాక్యాలు చదివిస్తుంది, ఫిబ్రవరిలో మళ్లీ చదివిస్తుంది. తేడా లేకపోతే? ‘‘లేదని రాసుకుంటాను. డబ్బు పదిమందిదీ కదా, ఏమైందో చెప్పాలి’’ అంది.

దివిసీమ నాయనమ్మ సంగతి మాత్రం చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు. పెట్టెలో పెట్టొద్దని ఆవిడకి చెప్పలేం, గోడకి గూడు లేని ఇల్లు అది. చివరికి ఆవిడే దారి చూపించింది. ‘‘గోడకి మేకు కొట్టి సంచీ తగిలించుకుంటే దాని చేతికి అందుద్ది. వానొస్తే సంచీతో సహా పట్టుకుపోతాను’’ అంది. గుడివాడలో కుట్టుపని చేసే నలుగురు ఆడవాళ్లు పాత చీరల ముక్కలతో సంచీలు కుడుతున్నారు. లోపల ప్లాస్టిక్ కవరు, పైన ఒక గుడ్డ కొక్కెం. నలభై అయ్యాయి, ఇంకో ఎనభై కావాలి. పాత కాటన్ చీరలుంటే ఇవ్వమని చెప్పమంది మా స్నేహితురాలు. పట్టుచీరలు వద్దట, జారిపోతున్నాయి.